రెండు వేళ్ల గుడ్డ

ఏ జాకెట్టు ఎవరి ఒంటి మీదికి పోతుందో తెలియకుండా నేను కత్తెర పట్టిన రోజు లేదు. నల్గొండ గడియారం సెంటర్ వెనక సందులో ఇరవై రెండేళ్లు కుట్టాను. గుడ్డ తెచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. పెళ్లికా, నౌకరికా, చేతులు పైకెత్తి చేసే పనేమైనా ఉందా, ఇంట్లో చంటిబిడ్డ ఉందా. "కొలతలు తీస్కో ఆపా, నా కథంత నీకెందుకు?" అని విసుక్కునేవాళ్లు. విసుక్కుంటూనే మొత్తం చెప్పేవాళ్లు.

అందుకే విజేందర్ షెడ్డులో నా బల్ల మీదికి ఆ రింగు డ్రాయింగు వచ్చిన రోజు నాకు తిక్క లేచింది.

విజేందర్‌ది దేవరకొండ రోడ్డు మీద టార్పాలిన్ల షెడ్డు. లారీల మీద కప్పేవి, వడ్ల కుప్పల మీద కప్పేవి, ఫంక్షన్లకు వేసే టెంట్లు అక్కడ కుడతారు. సందు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీ వాళ్లు నా కొట్టు తీసేయించాక అక్కడ చేరాను. మొత్తం పన్నెండు మంది ఆడవాళ్లం. నా పేరు అమీరున్నీసా అని రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ నేను ఆపానే, అంటే అక్కనే.

హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు డ్రాయింగుతో పాటు గుడ్డ కూడా పంపారు. పలచగా ఉంది, కానీ చేత్తో లాగితే ఇంత కూడా సాగదు. దానితో చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి కలిపి పట్టీలా చేసి, ఆ పట్టీ రెండు కొసలూ ఒక్కచోట అతకాలి. అతికితే గంగాళం అంచు చుట్టూ తొడిగే పట్టీలా ఒక రింగు తయారవుతుంది. గాలి తగిలితే ఉబ్బుతుంది. అంతవరకు చూస్తే అర్థమవుతుంది. కానీ ఎవరు తొడుక్కుంటారు దీన్ని?

"ఇది దేనికి విజేందర్?" అని అడిగాను.

"అది మనకు జెప్పరు ఆపా. మిలిటరీ పని. కొలతలున్నయి గద, కుట్టు."

"కొలతలుంటే సరిపోతదా? ఎవరికో తెల్వకుంట ఎట్ల కుట్టాలె?"

"ఊకె సతాయించకు ఆపా. ఈ పని నిలబడితే మన షెడ్డు టార్పాలిన్ల నుంచి బయటపడ్తది. జర మంచిగ కుట్టు, చాలు."

మంచిగా కుట్టమని నాకు చెప్తున్నాడు! సరే అని కుట్టాను. ముక్కలు కలిపే పని కోమలకు ఇచ్చాను. కోమలకు నలభై దాటాయి. పదిహేనేళ్లుగా టార్పాలిన్లు తప్ప వేరేది కుట్టి ఎరగదు. ఆమె మిషను తొక్కుతుంటే ఎవరో తలుపు బాదుతున్నట్టే ఉంటుంది. చివరి అతుకు మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. జాకెట్టు కుట్టిన చెయ్యి వేరు, టెంటు కుట్టిన చెయ్యి వేరు అని నా నమ్మకం. ఆ మాట కోమల ముఖం మీదే అన్నాను కూడా. ఆమె నవ్వి, "నీ చెయ్యి కడిగిన నీళ్లు తాగాలె ఆపా" అంది.

మూడు రింగులు పంపాం. మూడు వారాల తర్వాత ఒక సోమవారం మూడూ తిరిగొచ్చాయి. వాటితో ఒక కాగితం. విజేందర్ చదివి చెప్పాడు. గాలి పరీక్షలో ఊగుతున్నాయట.

ఇరవై రెండేళ్లలో నా చేతి కుట్టు తిరిగి రాలేదు. పొట్టి అని, బిగుతు అని సరిచేయించుకోవడానికి వచ్చాయి గాని, పనికిరాదని రాలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

విజేందర్ నేరుగా కోమల బల్ల దగ్గరికి పోయాడు. "నీకు మోట పని అలవాటు. ఇగ నువ్వు రింగుల జోలికి రాకు" అన్నాడు. కోమల లేచి టార్పాలిన్ల వైపు పోయింది. నేను నోరు తెరవలేదు. నా మనసులోనూ అదే మాట ఉంది. పైకి అననందుకు నేను మంచిదాన్నే అని కూడా అనుకున్నాను.

మరునాడు రఘుపతి సారు వచ్చాడు. పాలమూరు మనిషి. ఇరవై ఏళ్లు వైమానిక దళంలో విమానాల కింద పడుకుని బోల్టులు బిగించి, రిటైరై, ఇప్పుడు ఆ కంపెనీ తరఫున మా పని తనిఖీ చేస్తున్నాడు. నవ్వడు. టేపు పెట్టి మూడు రింగుల వెడల్పు, చుట్టుకొలత, అంచులు, అన్నీ కొలిచాడు. ఒక్క కొలత తప్పు లేదు.

"అంత కరెక్టే ఉంది. మరి ఎందుకు ఊగుతున్నదో నాకు గూడ సమజ్ అయితలేదు" అన్నాడు. "ఇంకొక్క సారి చూస్తమన్నరు. శనివారం నేనే వచ్చి మూడు కొత్తవి తీస్కపోత. అవి గూడ ఊగితే పని వేరే ఊరికి పోతది. నా చేతుల ఏం లేదు."

విజేందర్ ముఖం పాలిపోయింది. నాకు మాత్రం కోపమొచ్చింది.

"సార్, ఇది ఏందో చెప్పకుంట ఊగుతుందంటే నేనెట్ల సరిచేస్త? ఏం ఊగుతుంది? ఎక్కడ ఊగుతుంది? ఊగితే ఎవరికి తిప్పలు?"

ఆయన టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "డ్రాయింగుల ఉన్నది చెప్పొద్దు. పేపర్లల్ల వచ్చింది చెప్తే తప్పు లేదు" అని కుర్చీ లాక్కున్నాడు.

పెట్రోలు మోసే పెద్ద విమానం ముందు పోతుందట. దాని రెక్క కింద నుంచి పొడుగాటి గొట్టం వెనక్కి వదులుతారట. గొట్టం కొసకు ఒక బుట్ట. వెనక నుంచి ఫైటర్ విమానం వచ్చి, తన ముక్కు పక్కన ఉన్న కడ్డీని ఆ బుట్టలోకి దూర్చి, ఆకాశంలోనే పెట్రోలు నింపుకుంటుందట. ఆ బుట్ట అంచుకు తొడిగేదే మా రింగు. గాలికి ఉబ్బి, బుట్టను వెనక్కి లాగి, కదలకుండా పట్టుకోవడమే దాని పని.

నేను నోరు తెరుచుకుని విన్నాను. తర్వాత వరుసపెట్టి అడిగాను.

"కింద దిగి నింపుకోవచ్చు గద సార్?"

"ఉత్తరాన మంచుకొండల నడుమ మన రన్‌వేలు ఎంత ఎత్తుల ఉన్నయో తెల్సా? గాలి పలచగ ఉంటది. ట్యాంకు నిండ నింపి, బాంబులు గూడ పెట్టుకుంటే విమానం లేవదు. అందుకని సగం పెట్రోలుతోని లేస్తరు. సగంతోని ఎంత సేపు ఉంటరు? పోయిన్రు, వచ్చిన్రు, అంతే. పైన నింపెటోడు ఒకడుంటే గంటల కొద్ది కాపల కాయొచ్చు."

"అట్ల నింపే విమానాలు మనకు ఎన్నున్నయి?"

"తక్కువ. ఉన్నయి గూడ పాతబడ్డయి. ఇప్పుడు పెంచుతున్నరు. అవి పెరిగితే గొట్టాలు పెరుగుతయి, బుట్టలు పెరుగుతయి. ఈ రింగులు గాలికి చినుగుతుంటయి, మారుస్తనే ఉండాలె. అందుకే మన దగ్గర కుట్టియ్యాలని చూస్తున్నరు."

"మరి బుట్ట ఊగితే?"

ఆయన నా బల్ల మీది సూది తీసుకుని ముందుకు చాపాడు. "దారం ఎక్కియ్యి" అన్నాడు. నేను దారం కొస తడిపి దగ్గరికి తెచ్చేసరికి సూదిని అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాడు. ఒకసారి తప్పింది. రెండోసారి ఆయన వేలికి తగిలింది. ఐదుసార్లు ప్రయత్నించాను. ఎక్కలేదు.

"నువ్వు కుర్సీల కూసున్నవు. ఆ పిల్లగాడు గంటకు ఐదారు వందల కిలోమీటర్ల స్పీడుల ఉంటడు. కింద మంచు. పెట్రోలు ముల్లు దిగిపోతుంటది" అని సూది బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

అప్పటికి తెలిసింది ఆ గుడ్డ ఎవరికో. ఆ పిల్లవాడి ముఖం నాకు కనిపించలేదు గాని, వాడి చెయ్యి కనిపించింది. నా చెయ్యిలాగే దారం పట్టుకుని తడబడుతున్న చెయ్యి.

బుధవారం పొద్దున్నే విజేందర్‌ను పట్టుకున్నాను. "గాలి పరీక్ష మనమే చేద్దం" అన్నాను. కంపెనీ గుడ్డ షెడ్డు గడప దాటకూడదు, అది మాకు తెలుసు. అందుకని మా దగ్గరున్న నైలాను గుడ్డతో నేనొకటి, కోమల ఒకటి, ఒకరి పని ఒకరు ముట్టకుండా మొదటి నుంచి చివరి దాకా కుట్టాలి. రెండూ గాలిలో పెట్టి చూడాలి. నా ఆలోచన ఏమిటో దాచడమెందుకు? కోమలది ఊగుతుంది, నాది నిలబడుతుంది, తప్పెక్కడుందో అందరికీ తెలిసిపోతుంది, ఇక ముక్కల పని కూడా నేనే చూసుకుంటాను. అంతే.

"నన్ను రింగుల జోలికి రావద్దన్నరు గద" అంది కోమల.

"ఇది రింగు కాదు, ఉత్త నైలాను. రా" అన్నాను.

మధ్యాహ్నానికి రెండూ తయారయ్యాయి. రెండు పాత సైకిల్ చక్రాలు ఊచలు పీకించి తెచ్చాం, వాటి చుట్టూ తొడిగాం. షెడ్డు సామాను మోసే ట్రాలీ ఆటో బాలస్వామిది. దాని వెనక వెదురు గడ ఒకటి ఎత్తుగా కట్టి, గడ కొసకు తాడు, తాడుకు చక్రం. బాలస్వామికి అరవై ఏళ్లుంటాయి. నలభై స్పీడు దాటి బండి నడపడం ఆయనకు పాపంతో సమానం.

"డెబ్బైకి పోవాలె కాకా" అన్నాను.

"డెబ్బైకి పోతే బండి నా మాట ఇనదమ్మా."

"నువ్వు పైలెట్ అనుకో."

"పైలెట్‌కు జీతమెంత?" అంటూనే బండి తీశాడు.

బైపాస్ మీద ఖాళీ జాగా చూసి వేగం పెంచాడు. నేను, కోమల ట్రాలీలో వెనక్కి తిరిగి, కడ్డీలు పట్టుకుని కూర్చున్నాం. దుపట్టా గట్టిగా తలకు చుట్టుకున్నాను. ముందు నాది వదిలాం. నలభై దాటగానే రింగు చుట్టూ ఉబ్బి, చక్రాన్ని నేల నుంచి లేపింది. అది లేచినప్పుడు నాకు పుట్టిన సంతోషం ఎంతని చెప్పను! కుట్టిన గుడ్డ గాల్లో నిలబడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. అరవై దాటింది. అప్పుడు మొదలైంది. ఒక పక్కకు ఒరుగుతుంది, లేస్తుంది, మళ్లీ అదే పక్కకు ఒరుగుతుంది. తాగినవాడు గోడ వెతుక్కున్నట్టు.

పక్కన మోటారు సైకిల్ మీద పోతున్న ఒకాయన వేగం తగ్గించి, "చేపలు పట్టేదానికా?" అని అడిగాడు.

"ఆఁ, పైన చేపలకు" అంది కోమల.

తర్వాత ఆమెది వదిలాం. ఉబ్బింది, లేచింది, నిలబడింది. డెబ్బై మీద కూడా కదల్లేదు. కోమల నా ముఖం చూడకుండా రోడ్డు పక్క చెట్లు చూస్తోంది.

"నా చక్రం వంకర ఉన్నట్టుంది" అన్నాను. చక్రాలు మార్చాం. నాది ఊగింది, ఆమెది నిలబడింది. నా రింగు అతుకు దగ్గర సుద్దతో గీత పెట్టి, చక్రం మీద పావు వంతు తిప్పి తొడిగి మళ్లీ వదిలాం. గీత ఎటుంటే రింగు అటే ఒరిగింది. ఇంకో పావు తిప్పాం. గీత వైపే ఒరిగింది. అతుకు నాది. ఆ అతుకు దగ్గర గుడ్డ చుట్టుపక్కల మాదిరి ఉబ్బడం లేదు, బిర్రుగా నిలబడిపోతోంది.

బండి పక్కకు ఆపించి, చింత చెట్టు నీడలో కూర్చుని, బ్లేడుతో నా అతుకు విప్పాను. పై కుట్టు, కింది కుట్టు, లోపలి పట్టీ. పట్టీ తీయగానే మడత విచ్చుకుంది. లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ, చక్కగా రెండు మడతలు పెట్టి, బయటికి తెలియకుండా కుట్టి ఉంది.

నేనే పెట్టాను. పెట్టినట్టు నాకే తెలియదు.

"గిదేంది ఆపా?" అంది కోమల.

ఏ జాకెట్టుకైనా పక్క కుట్టు లోపల నేను రెండు వేళ్ల గుడ్డ వదులుతాను. పిల్ల పెళ్లయ్యాక ఒళ్లు చేస్తుంది. కాన్పయ్యాక ఇంకా చేస్తుంది. ఒక కుట్టు విప్పితే చాలు, జాకెట్టు పట్టేస్తుంది. గుడ్డ లోపల వదలని టైలరు దగ్గరికి మా సందులో ఎవరూ పోయేవాళ్లు కాదు. మా అమ్మీ నాకు మొదట నేర్పింది సూది పట్టడం కాదు, గుడ్డ వదలడం. డ్రాయింగులో అతుకు బయట ఎంత ఉండాలో ఉంది. అంతే ఉంచాను. లోపలి సంగతి చేతికే వదిలేశాను. చెయ్యి దాని అలవాటు అది చేసుకుపోయింది. రఘుపతి సారు టేపు బయటే తిరిగింది.

అదంతా కోమలకు చెప్పాను. ఆమె ఆ మడతను వేళ్ల మధ్య నలిపి చూసి, చాలా సీరియస్‌గా అడిగింది.

"అయితే గీ రింగు గూడ పిల్లలను కంటదనుకున్నవా ఆపా?"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. బాలస్వామి కాకా బండి దిగి, మాకేమైందో అని చూశాడు. నవ్వి నవ్వి నాకు ఏడుపొచ్చింది. అది నవ్వు నుంచి వచ్చిన ఏడుపు కాదు.

"నువ్వెందుకు వదల్లే?" అని అడిగాను కళ్లు తుడుచుకుని.

"టార్పాలిన్ల లోపల గుడ్డ వదిలితే వాన నీళ్లు నిలుస్తయి ఆపా. వారం దినాల్ల కుళ్లిపోతది. మాకు వదిలితే తిట్లే."

సోమవారం ఈమెను బల్ల దగ్గర్నుంచి లేపినప్పుడు నేను ఊరుకున్నాను. అదే నన్ను కోస్తోంది. "తప్పు నాది. నువ్వు తిట్లు తిన్నవు. నేను చూస్తుండిపోయిన" అన్నాను. ఆమె బ్లేడు నా చేతిలోంచి తీసుకుని, "లే ఆపా, ఎండెక్కుతుంది" అంది.

షెడ్డుకు పోయి విజేందర్‌కు అందరి ముందూ చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. శనివారం రింగులతో పాటు ఒక ఫారం కూడా ఇవ్వాలి. లోపం ఎందుకొచ్చింది, ఎట్లా సరిచేశారు అని రాయాలి.

"మిషను సెట్టింగు తప్పిందని రాద్దం ఆపా" అన్నాడు గొంతు తగ్గించి. "పెద్ద టైలరే తప్పు చేసిందంటే వాళ్లు మనల నమ్ముతరా? పని పోతది."

"మిషను అని రాస్తే ఇంకో ఊర్ల ఇంకో జాకెట్ల టైలరు గిట్లనే గుడ్డ వదుల్తది. ఆమెకెవరు జెప్తరు? ఉన్నదే రాయి."

"నీ పేరుతోనా?"

"నా పేరు, నా ఇరవై రెండేండ్లు, రెండు వేళ్లు. అంత రాయి."

గొణుక్కుంటూ రాశాడు. అతుకు పని కోమలకు ఇచ్చాను. ముక్కలు నేను కలిపాను, ఆ కుట్టులో గుడ్డ మడిచి దాచే చోటే లేదు. నా బల్ల దగ్గర ఆమె కూర్చుని చివరి కుట్టు వేస్తుంటే నాకు ఈర్ష్య పుట్టింది, దాచను. కుట్టు కాస్త వంకర పోయిందేమోనని వంగి చూశాను. పోలేదు. పోతే బాగుండుననిపించిన ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

శనివారం రఘుపతి సారు ఫారం రెండుసార్లు చదివాడు. తిరిగొచ్చిన పాత రింగు ఒకటి తెప్పించి, అతుకు కోసి, మడత చూశాడు. ఆ గుడ్డ ముక్కను కవర్లో పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇన్నేండ్ల అలవాటు నాలుగు దినాల్ల పోతదా అమ్మా?"

"పోదు సార్. అందుకే అతుకు నేను ముట్టలే."

మూడు రింగులూ తీసుకుని వెళ్లాడు.

ఎదురుచూడటమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఫోను మోగితే పన్నెండు మిషన్లూ ఆగేవి. రెండు వారాలకు కబురొచ్చింది. గాలి పరీక్షలో మూడూ కదల్లేదు. డ్రాయింగు కూడా మార్చి పంపారు. విజేందర్ అందులో కొత్తగా చేరిన వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. అతుకు లోపల అదనపు గుడ్డ ఉంచరాదు. షెడ్డంతా నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నా దిగులు పోలేదు. ఇది గాలి గదిలో పరీక్షే. సూది ఊగుతుందో లేదో దారం పట్టుకున్నవాడు చెప్పాలి.

మరో మూడు నెలలు పోయాక రఘుపతి సారు చెప్పకుండా వచ్చాడు. నిలబడే అన్నాడు. "మన రింగు మొన్న పైన ఎక్కిచ్చిన్రు."

మిషన్లు ఆగిపోయాయి.

"మరి పైలెట్ ఏమన్నడు సార్?" అని అడిగాను.

"ఏం అనలే. మొదటిసారికే అందింది. నింపుకొని పోయిండు."

కోమల ముఖం వాడిపోయింది. "గంత తిప్పలువడి కుడితే ఒక్క మాట గూడ అనలేదా సార్?"

"బుట్ట ఊగితే రేడియోల మస్తు మాట్లాడ్తరమ్మా. ఊగకుంటే దాని దిక్కు గూడ చూడరు."

నేను కోమల చెయ్యి పట్టుకున్నాను. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. అది అడగకపోతే నాకు నిద్ర పట్టదు.

"నింపుకొని ఎటు పోయిండు సార్?"

రఘుపతి సారు మొట్టమొదటిసారి నవ్వాడు. "ఉత్తరానికే పోయిండమ్మా. దిగాల్సిన టైము దాటినంక గూడ ఇంకా రెండు గంటలు పైన్నే ఉన్నడు."

ఆ రెండు గంటలు మావి. కోమలను గట్టిగా పట్టుకుని అందరి ముందే ఏడ్చాను.